రేఖాపటములు – మన లిపులు: బ్రౌజరులో పటరచనా సాధనమునకు లైబ్రరీని ఎన్నుకొనుట

శాస్త్రమేదైనను దానిని బోధించునప్పుడు పటము లేనిదే పని సాగదు. వృక్షశాస్త్రము చెప్పువారు పుష్పభాగములను నల్లబల్లపై గీయుదురు. చరిత్ర చెప్పువారు వంశవృక్షమును గీయుదురు. వాణిజ్యశాస్త్రము చెప్పువారు ఒక సంస్థలోని అధికారుల అంతస్తులను పెట్టెలుగను, గీతలుగను చూపుదురు. పెట్టె, గీత, బాణము, వాటిపై నాలుగు మాటలు – ఇంతకుమించి రేఖాపటమునకు సామగ్రి అక్కరలేదు. 1963లో ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధకుడు అమెరికాలోని ఎం.ఐ.టి.లో ‘స్కెచ్‌పాడ్’ అను కార్యక్రమమును రచించి, కాంతికలముతో కంప్యూటరు తెరపైననే పటములు గీయవచ్చునని నిరూపించెను. ఆనాడు అందులకు ఒక గదినిండ యంత్రము కావలసివచ్చినది. నేడు చేతిలోని ఫోనులో గల బ్రౌజరే ఆ పని చేయుచున్నది.

కంప్యూటరు శాస్త్రము చదువు మన విద్యార్థులు చివరి సంవత్సరపు ప్రాజెక్టుగా ఇట్టి పటరచనా సాధనమును తామే నిర్మింపబూనుట సహజము. అప్పుడు కలుగు మొదటి ప్రశ్న – ఏ గ్రాఫిక్సు లైబ్రరీని తీసుకొనవలెను? ఈ ప్రశ్నకు సాధారణముగా వేగమును, అందమును, ప్రచారమును బట్టి సమాధానము చెప్పుదురు. అవి విడువదగిన గుణములు కావు. కాని మన కళాశాల వంటి చోట, అనగా ఒక తరగతిలో తెలుగును, ప్రక్క తరగతిలో ఉర్దూను వినిపించు చోట, వీటన్నిటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఆ లైబ్రరీ మన అక్షరములను చెదరగొట్టకుండ వ్రాయగలదా?

తెలుగు ఉపన్యాసకునికి ఈ విషయముతో నేమి పని యని కొందరికి సందేహము కలుగవచ్చును. పటములోని గీతలు ఏ భాషకును చెందినవి కావు. మాటలు మాత్రము ఒక భాషకు చెందియే తీరవలెను. ఆ మాటలు తప్పుగా పడినచో పటమంతయు వ్యర్థమగును. కావున ఈ ఎన్నికలో భాషా విద్యార్థికిని పాలు కలదని నా విశ్వాసము.

లైబ్రరీ అనగానేమి?

ఇచ్చట లైబ్రరీ అనగా గ్రంథాలయము కాదు. ఇతరులు ముందుగా వ్రాసి, పరీక్షించి, అందరి ఉపయోగమునకై విడుదలచేసిన కోడుల సముదాయమునకు ఆ పేరు. ఇల్లు కట్టువాడు ఇటుకలను తానే కాల్చుకొననక్కరలేదు. బట్టీ నుండి తెచ్చుకొనును. అట్లే పెట్టెను తెరపై నిలుపుట, దానిని మౌసుతో లాగుట, లాగినప్పుడు దానికి తగిలియున్న బాణము వెంటవచ్చుట, చేసిన పనిని వెనుకకు తీసుకొనుట – ఇవి యన్నియు లైబ్రరీలో సిద్ధముగా లభించును. అయితే ఇటుక నాణ్యము ఇంటికి వచ్చినట్లు, లైబ్రరీ గుణదోషములు మన సాధనమునకు సంక్రమించును. అందుచేతనే ఎన్నికలో జాగ్రత్త అవసరము.

ఒక ఉదాహరణము: కుడికాలువ పటము

చర్చ గాలిలో నిలువకుండుటకై మన పల్నాటి నుండియే ఒక ఉదాహరణమును గ్రహింతము. నాగార్జునసాగరు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. కుడికాలువకు జవహరు కాలువయనియు, ఎడమకాలువకు లాల్‌బహదూరు కాలువయనియు పేర్లు. ఈ కుడికాలువయే మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతపు మెట్టభూములకు నీరందించి, ప్రకాశము జిల్లా వరకు సాగినది.

కాలువ స్వరూపమును పరిశీలింపుడు. ప్రధాన కాలువ నుండి బ్రాంచి కాలువలు, వాటినుండి మేజర్లు, మేజర్ల నుండి మైనర్లు, మైనర్లపై తూములు, తూముల క్రింద పంట బోదెలు. ఇది అచ్చముగా ఒక వృక్షము. మొదలు ఒకటి, కొమ్మలు పెక్కు. నీరు ఏ దిక్కున ప్రవహించుచున్నదో బాణము చెప్పును. ఏ తూము ఏ మైనరుకు చెందినదో గీత చెప్పును. 1997 నాటి చట్టము ననుసరించి సాగునీటి నిర్వహణకై రైతుల నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. అట్టి సంఘపు గోడపై ఇట్టి పటము నొకదానిని తగిలించినచో, ఆయకట్టు చివరి రైతు తన బోదెకు నీరు ఎన్ని చేతులు మారి వచ్చుచున్నదో కన్నులార చూడగలడు. కాని ఆ పటము అతడు చదువగల లిపిలో ఉండవలెను గదా! ఆంగ్లములో నున్న పటము అధికారికి ఉపకరించును; తెలుగులోను, ఉర్దూలోను ఉన్న పటము ఊరికి ఉపకరించును. 2022లో ఆంధ్రప్రదేశములో ఉర్దూకు రెండవ అధికార భాషగా చట్టబద్ధమైన స్థానము లభించిన పిదప ఈ అవసరము మరింత స్పష్టమైనది.

ఇక మన విద్యార్థి ఈ పటమును గీయుటకు ఒక సాధనమును నిర్మింపదలచెననుకొందము. అతని యెదుట మూడు మార్గములు గలవు.

బ్రౌజరులో మూడు మార్గములు

మొదటిది ఎస్.వి.జి. ఇది 2001లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము ఆమోదించిన ప్రమాణము. ఇందులో ప్రతి పెట్టెయు, ప్రతి గీతయు, ప్రతి మాటయు బ్రౌజరుకు తెలిసిన ఒక్కొక్క వస్తువుగా నిలుచును. పెట్టెపై నొక్కినచో ఏ పెట్టెపై నొక్కబడినదో బ్రౌజరే చెప్పును. ఎంత పెద్దదిగా చేసినను అంచు చెదరదు; ముద్రించినను స్పష్టముగా నుండును. వస్తువులు వేలు దాటి పదివేల సంఖ్యకు పోయినప్పుడు మాత్రము బ్రౌజరు వాటినన్నిటిని మోయలేక మందగించును.

రెండవది క్యాన్వాస్. దీనిని 2004లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టగా తరువాత ఇతర బ్రౌజరులును స్వీకరించినవి. ఇది చిత్రకారుని గుడ్డ వంటిదే. రంగు పూసిన తరువాత అది రంగే గాని పెట్టె కాదు. ఎచ్చట ఏమి గీచితిమో మన కోడే జ్ఞాపకముంచుకొనవలెను. ‘కోన్వా’ అను లైబ్రరీ దీనికి చక్కని ఉపాయము చేసినది: కంటికి కనబడని రెండవ గుడ్డపై ఒక్కొక్క ఆకృతికి ఒక్కొక్క ప్రత్యేక వర్ణము పూసియుంచి, నొక్కిన చోట ఏ వర్ణము కలదో చూచి ఆకృతిని గుర్తించును. వస్తువులు ఎక్కువైనప్పుడు క్యాన్వాస్ ఎస్.వి.జి.కంటె వేగముగా పనిచేయును.

మూడవది వెబ్ జి.ఎల్. దీని మొదటి ప్రమాణము 2011లో వెలువడినది. ఇది కంప్యూటరులోని గ్రాఫిక్సు చిప్పుతో నేరుగా పనిచేయించును. లక్షల బిందువులనైనను అవలీలగా చూపును. కాని దీనికి త్రిభుజములు తెలియునే గాని అక్షరములు తెలియవు. మాట వ్రాయవలెనన్నచో ముందుగా అక్షర రూపములను వేరొకచోట బొమ్మలుగా సిద్ధముచేసికొని అతికింపవలెను. ఆంగ్లమునకు ఇరువదియారు అక్షరములు, చిన్నవి పెద్దవి కలిపి ఏబదిరెండు. బొమ్మలు చేసికొనుట సులభము. మన లిపులకు ఈ లెక్క చెల్లదు. ఏల చెల్లదో ఇప్పుడు చూతము.

తెలుగు అక్షరము వద్ద వచ్చు చిక్కు

కంప్యూటరు తెలుగును యూనికోడు అను పద్ధతిలో దాచుకొనును. 1991 నాటి మొదటి యూనికోడు ప్రమాణములోనే తెలుగునకు స్థానము లభించినది. అందులో హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు – వీటికి వేర్వేరు సంకేతములు గలవు గాని, మనము పలకపై దిద్దిన ఒత్తులకు ప్రత్యేక సంకేతములు లేవు. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును తీసికొనుడు. సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, దీర్ఘ ఈకారపు గుడి – మొత్తము ఆరు సంకేతములు. కంటికి ఒక్కటి, యంత్రమునకు ఆరు. ‘మాచర్ల’ మనకు మూడక్షరములు, యంత్రమునకు ఆరు. ‘నరసరావుపేట’ మనకు ఏడు, యంత్రమునకు పది.

ఈ ఆరు సంకేతములను ఒక్కటిగా చేర్చి సరియైన రూపమును నిలుపు పనికి ఆకృతీకరణమని పేరు పెట్టవచ్చును. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులలో ఈ పని చేయు యంత్రాంగము పేరు ‘హర్ఫ్‌బజ్’. మన ఉర్దూ విద్యార్థులు ఈ పేరు వినగానే చిరునవ్వు నవ్వవచ్చును. హర్ఫ్ అనగా అక్షరము. ఫారసీలో బాజ్ అనగా తెరచినది. అరబ్బీ, ఉర్దూ లిపులకును, తెలుగు, తమిళ, దేవనాగరి లిపులకును ఆకృతినిచ్చునది ఇదియే. మన కళాశాలలోని రెండు భాషలకు ఒకే లేఖకుడు పనిచేయుచున్నాడనవచ్చును.

అయితే ఈ లేఖకునికి మాటను మొత్తముగా అప్పగింపవలెను. ముక్కలు చేసి ఇచ్చినచో అతడేమియు చేయలేడు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. క్యాన్వాస్‌పై ఒక మాటను మొత్తముగా వ్రాయుమని ఆజ్ఞాపించినచో తెలుగు సరిగనే పడును. కాని క్యాన్వాస్ ఒక వరుసను మాత్రమే వ్రాయును. పెట్టె అంచు రాగానే రెండవ వరుసకు మడచుట దానికి తెలియదు. ఆ మడత పనిని లైబ్రరీ చేయవలెను. ఆంగ్లమునే మనసులో నుంచుకొని వ్రాసిన లైబ్రరీ సంకేతములను లెక్కించి మాటను విరుచును. ‘మాచర్ల’ను నాలుగవ సంకేతము వద్ద విరిచినచో మొదటి వరుసలో ‘మాచర’ మిగులును. రెండవ వరుస మొదట తోడులేని పొల్లు చుక్కల వలయముపై నిలిచి వెక్కిరించును. అక్షరములను వంపుగీతపై అమర్చుట, వాటి నడుమ ఎడము పెంచుట వంటి అలంకారములకై ఒక్కొక్క సంకేతమును విడివిడిగా గీయు లైబ్రరీలలో సంయుక్తాక్షరములన్నియు ఇట్లే విడిపోవును.

మాటను సవరించునప్పుడును ఇదే బాధ. క్యాన్వాస్‌పై వ్రాతగడిని తామే సృష్టించుకొను లైబ్రరీలలో కర్సరు ఒత్తుకును అక్షరమునకును నడుమ దూరి నిలుచును. దీనికి మార్గము లేకపోలేదు. జావాస్క్రిప్టు భాషలో మాటను అక్షరములుగా విడదీయు ‘సెగ్మెంటర్’ అను సౌకర్యము కలదు. 2023లో వెలువడిన యూనికోడు 15.1 ప్రమాణము తెలుగు సంయుక్తాక్షరమును ఒకే ఖండముగా గుర్తించు నియమమును చేర్చినది. అంతకు పూర్వపు నియమము ప్రకారము ‘క్ష’ రెండు ఖండములగుచుండెను. కావున పాత బ్రౌజరులను కూడ దృష్టిలో నుంచుకొని పరీక్షింపవలెను.

ఇవి యన్నియు స్వల్ప విషయములని తోచవచ్చును. 2018 ఫిబ్రవరిలో జరిగినది గుర్తుచేసికొందము. ‘జ్ఞా’ అను తెలుగక్షరమునకు సంబంధించిన ఒక సంకేతక్రమము సందేశములో వచ్చినంతమాత్రమున ఐఫోనులలోని కార్యక్రమములు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 సంఖ్యగల సవరణను విడుదలచేసి దానిని సరిదిద్దవలసివచ్చినది. ప్రపంచములోని మహాసంస్థ యొకటి జ్ఞానము అను పదపు మొదటి అక్షరము వద్ద తడబడినప్పుడు, ఇద్దరు ముగ్గురు కలిసి తీరిక వేళల వ్రాసిన లైబ్రరీ తడబడదని ఏల నమ్మవలెను? పరీక్షించియే నమ్మవలెను.

ఉర్దూ లిపి కోరు మర్యాద

ఉర్దూ విషయమున చిక్కులు వేరు. మొదటిది దిశ. వ్రాత కుడినుండి ఎడమకు సాగును. మధ్య వచ్చు అంకెలు మాత్రము ఎడమనుండి కుడికే చదువబడును. ఒకే పెట్టెలో ఉర్దూ పేరు, 1967 వంటి సంవత్సరము, కుండలీకరణములు, తెలుగు పేరు కలిసినప్పుడు మూల దిశ ఏదో చెప్పనిచో వాటి క్రమము తారుమారగును. ఎస్.వి.జి.లో మరొక మెలిక కలదు. మాట మొదలును ఒక బిందువు వద్ద నిలుపుమని చెప్పినచో, ఉర్దూకు మొదలు కుడిప్రక్క కనుక, మాట ఆ బిందువునకు ఎడమవైపునకు పోవును. ఇది తెలియక పెట్టె ఎడమ అంచున బిందువును పెట్టినచో మాట పెట్టె వెలుపల పడును.

రెండవది రూపము. ఉర్దూ హర్ఫులలో చాలవరకు మాట మొదట, నడుమ, చివర, ఒంటరిగా వేర్వేరు రూపములు ధరించును. విడివిడిగా గీయు లైబ్రరీ చేతిలో పడినచో అన్నియు ఒంటరి రూపములై, చేతులు వదలిన పిల్లలవలె నిలుచును. దానిని చదువుట ఎవరికిని సాధ్యము కాదు.

మూడవది నస్తాలీఖు శైలి. ఇందులో మాట పైనుండి క్రిందికి వాలుగా దిగును. మాట పొడవైనకొలది దాని తల పైకెక్కును. ఈ వాలు వలననే ఉర్దూ పత్రికలు అచ్చు యుగములోను చిరకాలము కాతిబుల చేతివ్రాతపై ఆధారపడినవి. 1981లో పాకిస్తానుకు చెందిన మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైపు సంస్థతో కలిసి ‘నూరీ నస్తాలీఖు’ను రూపొందించినప్పుడు సుమారు ఇరువదివేల అక్షర సంయోగములను చేతితో వ్రాసి యంత్రమున కెక్కింపవలసివచ్చినది. ఆ కాతిబుల శ్రమను తలచుకొన్నప్పుడు, ఏబదిరెండు బొమ్మలతో సరిపెట్టుకొను పద్ధతి మనకేల చెల్లదో బోధపడును. నేడు ‘నోటో నస్తాలీఖ్ ఉర్దూ’ వంటి ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. కాని ఆంగ్లమునకు కొలిచి చేసిన పెట్టె ఎత్తు వాటికి చాలదు. తల పై అంచును, తోక క్రింది అంచును దాటును.

ఇచ్చట క్యాన్వాస్‌కు న్యాయము చేయవలెను. ఎస్.వి.జి.లో మాట కొలతను అడిగినచో ఫాంటుకు కేటాయించిన గడి కొలతను చెప్పును గాని సిరా ఎంతవరకు ప్రాకినదో చెప్పదు. క్యాన్వాస్‌లోని ‘మెజర్‌టెక్స్ట్’ అను ఆజ్ఞ సిరా పై హద్దును, క్రింది హద్దును కూడ చెప్పును. కావున ఎస్.వి.జి.తో పటము గీయువారును కంటికి కనబడని క్యాన్వాస్ నొకదానిని కొలకర్రగా వాడుకొనవచ్చును. ఫాంటు పూర్తిగా దిగుమతి కాకముందే కొలిచినచో కొలత తప్పునని మాత్రము మరువరాదు.

ఏ లైబ్రరీ ఏ మార్గమున నడచును?

ఇప్పుడు పేర్లను పరిశీలింతము. ‘డి3’ని 2011లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన మైక్ బోస్టాక్, జెఫ్రీ హీర్, వాదిం ఒగియెవెట్స్కీలు వెలువరించిరి. ఇది ముఖ్యముగా ఎస్.వి.జి.తో పనిచేయును, స్వేచ్ఛ ఎక్కువ, కాని పెట్టె లాగుట, బాణము అతుకుట వంటివి చాలవరకు మనమే కూర్చుకొనవలెను. ‘జాయింట్‌జె.ఎస్.’ పటములకై ప్రత్యేకముగా చేసినది, ఇదియు ఎస్.వి.జి. మార్గమే. మూలభాగము ఉచితము, అధిక సౌకర్యములు గల రూపమునకు వెల కలదు. ‘రియాక్ట్ ఫ్లో’లో పెట్టెలు సాధారణ హెచ్.టి.ఎం.ఎల్. ఖండములు, గీతలు ఎస్.వి.జి. ‘మెర్మెయిడ్’లో మౌసుతో పనిలేదు, నాలుగు వాక్యములు వ్రాసినచో అదియే పటమును గీచిపెట్టును.

క్యాన్వాస్ మార్గమున కోన్వా, ఫాబ్రిక్, టొరాంటో విశ్వవిద్యాలయమున పుట్టిన ‘సైటోస్కేప్.జె.ఎస్.’, వెల చెల్లించి పొందవలసిన ‘గోజె.ఎస్.’ ముఖ్యమైనవి. చేతివ్రాత పోలికతో పటములు గీయు ‘ఎక్స్‌కాలిడ్రా’యు క్యాన్వాస్‌పైననే నడచును. వెబ్ జి.ఎల్. మార్గమున ‘పిక్సీ’ ప్రసిద్ధము.

మన కాలువ పటమునకు ఏది తగును? ఎన్ని తూములను చేర్చినను ఒక పటములో పెట్టెలు కొన్ని వందలకు మించవు. అంత సంఖ్యకు ఎస్.వి.జి. వేగము చాలును. కనుక వేగమునకై క్యాన్వాస్‌ను, వెబ్ జి.ఎల్.ను ఆశ్రయింపనక్కరలేదు. మాటల విషయమున హెచ్.టి.ఎం.ఎల్. పెట్టె అన్నిటికంటె ఉత్తమము. ఏలననగా వరుస మడచుట, దిశను తానే గ్రహించుట, కర్సరును సరియైన చోట నిలుపుట – వీటికి బ్రౌజరే బాధ్యత వహించును. ఎస్.వి.జి.లోను ‘ఫారిన్ ఆబ్జెక్ట్’ అను ద్వారము గుండా హెచ్.టి.ఎం.ఎల్. మాటను లోనికి తీసికొనిపోవచ్చును. ఇందులో ఒక లోపము కలదు. బ్రౌజరు వెలుపలి కొన్ని కార్యక్రమములలో ఆ ఫైలును తెరచినచో మాటలు కనబడవు. ప్రసిద్ధమైన ‘డ్రా.ఐ.ఓ.’ సాధనము నుండి వెలికి తీసిన ఎస్.వి.జి. పటములలో మాటకు బదులు, ఇది చూపుట సాధ్యము కాదను ఆంగ్ల సందేశము కొన్నిచోట్ల కనబడుట ఇందువలననే. కావున సంఘపు గోడకు పంపు ప్రతిని బ్రౌజరు నుండియే పి.డి.ఎఫ్.గా ముద్రించి పంపుట క్షేమము.

ఇంకొక గుణము చెప్పవలసియున్నది. ఎస్.వి.జి.లోని మాట మాటగానే యుండును. ‘కారంపూడి’ అని వెదకినచో బ్రౌజరు ఆ పెట్టెను చూపును. చూపులేని విద్యార్థి ఉపయోగించు చదువరి యంత్రము ఆ మాటను పైకి చదువగలదు. పటమునకు శీర్షికను, వివరణమును చేర్చు ఏర్పాటును అందులో కలదు. క్యాన్వాస్‌పై పడిన మాట రంగు మాత్రమే. దానిని వెదకలేము, అంధునికి వినిపింపలేము.

అమరిక, ఆయువు, అనుమతి

పెట్టెలను చేతితో అమర్చుట కొన్నింటికి సరిపోవును. వందలైనప్పుడు అమరికను యంత్రమునకే వదలవలెను. 1981లో జపానుకు చెందిన సుగియామా, టగావా, టోడా అనువారు ప్రతిపాదించిన అంతస్తుల పద్ధతి ఇందులకు మూలము: ముందుగా ప్రతి పెట్టెకు అంతస్తు నిర్ణయింతురు, తరువాత గీతలు ఒకదానినొకటి ఖండించుట తగ్గునట్లు వరుస మార్తురు, చివర స్థానములు నిర్ణయింతురు. ‘డాగ్రె’, ‘ఎల్క్’ అను లైబ్రరీలలో ఈ పద్ధతి లభించును. డాగ్రెలో పటము పైనుండి క్రిందికిగాని, ఎడమనుండి కుడికిగాని, కుడినుండి ఎడమకుగాని సాగునట్లు చెప్పవచ్చును. ఉర్దూ ప్రతికి కుడినుండి ఎడమకు సాగు అమరికయే సహజము.

లైబ్రరీ ఆయువును కూడ విచారింపవలెను. డ్రా.ఐ.ఓ.కు ఆధారమైన ‘ఎం.ఎక్స్.గ్రాఫ్’ పదునైదేండ్లపాటు ఎందరికో ఉపకరించినది. 2020 నవంబరులో దాని నిర్వహణను నిర్మాతలు ముగించిరి. తరువాత ఇతరులు ‘మాక్స్‌గ్రాఫ్’ పేరుతో దానిని కొనసాగింపబూనిరి. దీనినుండి గ్రహింపవలసిన నీతి – పటములోని సమాచారమును, అనగా ఏ పెట్టెలో ఏ పేరు, ఏ గీత దేనినుండి దేనికి అను వివరమును, లైబ్రరీకి సంబంధము లేని సామాన్యమైన జేసన్ ఫైలులో దాచుకొనవలెను. ఇల్లు మారినను సామాను మనదిగా నుండును.

ఇక అనుమతి పత్రము. ఎం.ఐ.టి., అపాచీ వంటి స్వేచ్ఛా లైసెన్సులు గల వాటిని రుసుము లేకుండ వాడి, మార్చి, పంచుకొనవచ్చును. వెల గల వాటిని పరీక్షార్థమై తెచ్చి ప్రాజెక్టు కట్టినచో, గడువు తీరిన తరువాత పటముపై సంస్థ ముద్ర పడుటయో, వాడుక నిలిచిపోవుటయో జరుగును. విద్యార్థులకును, రైతు సంఘములకును స్వేచ్ఛా లైసెన్సే తగినది.

పరీక్షా విధానము

ఏ లైబ్రరీనైనను స్వీకరించుటకు ముందు ఒక గంట సేపు ఈ క్రింది పరీక్షలు జరుపవలెనని విద్యార్థులకు నా సూచన.

1. స్త్రీ, జ్ఞానము, లక్ష్మీ, రాష్ట్రము, మాచర్ల – ఈ ఐదు మాటలను ఐదు పెట్టెలలో వ్రాయుడు. ఒత్తులన్నియు స్వస్థానములలో నిలిచినవా?

2. పెట్టెను ఇరుకు చేయుడు. మాట మాటకు నడుమ విరిగినదా, అక్షరము నడుమ విరిగినదా?

3. మాటపై రెండుమార్లు నొక్కి సవరింపుడు. కర్సరు ఒత్తు నడుమ దూరినదా?

4. అవే పేర్లను ఉర్దూలో నస్తాలీఖు ఫాంటుతో వ్రాసి, నడుమ ఒక సంవత్సరమును, కుండలీకరణమును చేర్చుడు. క్రమము నిలిచినదా? తల, తోక పెట్టెను దాటినవా?

5. బ్రౌజరు వెదకు గడిలో ఒక పేరును వ్రాయుడు. పటములో దొరికినదా?

6. ఫైలును దాచి, వేరొక కంప్యూటరులోను, ఫోనులోను తెరువుడు. కాగితముపై ముద్రింపుడు. మొదట చూచినదియు, తుదకు కాగితముపై పడినదియు ఒక్కటేనా?

ఆరింటిలోను నెగ్గినదానిని వేగమునకును, అందమునకును పరీక్షింపవచ్చును. మొదటి పరీక్షలోనే ఓడినదానికి ఎంత ప్రచారమున్నను మనకు పనికిరాదు. లోపము కనబడినప్పుడు లైబ్రరీని విడిచిపెట్టుటతో మన కర్తవ్యము తీరలేదు. స్వేచ్ఛా లైబ్రరీలలో లోపమును నిర్మాతలకు తెలుపు ఏర్పాటు కలదు. లోపము కనబడిన మాటను, అది ఎట్లు కనబడవలెనో చూపు బొమ్మను జతపరచి తెలుపవలెను. దూరదేశములోని నిర్మాతకు మన ఒత్తు ఎట్లుండవలెనో తెలియదు. తెలిసినవారు చెప్పకపోవుటయే ఇన్నాళ్ల లోటు.

ఈ సందర్భమున కళాశాల కమిటీవారికి ఒక మనవి. ప్రయోగశాలలోని ప్రతి కంప్యూటరులోను మంచి తెలుగు ఫాంటు నొకటి, నస్తాలీఖు ఫాంటు నొకటి ఉండునట్లు చూడవలెను. వాటికి రూపాయి ఖర్చు లేదు. ప్రాజెక్టు నివేదికలలో పైన చెప్పిన పరీక్షల ఫలితమును ఒక పుటగా జతపరచు నియమము పెట్టవలెను. తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు ఆ పుటను సరిచూచి సంతకము చేయు ఏర్పాటున్నచో, కంప్యూటరు ప్రయోగశాలకును భాషాశాఖలకును నడుమ నున్న గోడకు ఒక ద్వారము ఏర్పడును.

విద్యార్థులారా! లైబ్రరీలు వచ్చును, పోవును. నేటి పేర్లలో కొన్నిటిని పదేండ్ల తరువాత ఎవరును తలపరు. కాని మీరు గీచిన పటమును చదువవలసినవారు ఈ గడ్డపైననే యుందురు. ఆయకట్టు చివరి రైతు తన ఊరి పేరును ఒత్తు చెదరకుండ చదువుకొనవలెను. ఉర్దూ మాత్రమే నేర్చిన గృహిణి తన పేటకు వచ్చు నీటి దారిని వ్రేలితో చూపగలుగవలెను. మీరు ఎన్నుకొన్న లైబ్రరీ ఈ ఇద్దరికిని ఉపకరించినదా అనుటయే దాని అర్హతకు కడపటి పరీక్ష.